తట్టు టీకా పదవీకాలం

"ఈ రోజు నుంచి మన రాష్ట్రంలో తట్టు అనే వ్యాధికి ప్రవేశం లేదు" అని ఆరోగ్యశాఖ మంత్రి త్రినాథరావుగారు ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరు మీద నిలబడి ప్రకటించారు. అది తొంభయ్యో సంవత్సరం ఫిబ్రవరి. కొత్త ప్రభుత్వం వచ్చి ఇంకా పందిట్లో మామిడాకులు వాడలేదు.

ఈ ప్రకటన ఏ ఆరోగ్యకేంద్రంలోనో చెయ్యకుండా స్టూడియోలో ఎందుకు చేశారని గిట్టనివాళ్ళు అడిగారు. ఆరోగ్యకేంద్రంలో కరెంటు ఉండదు. కరెంటు లేకపోతే మైకు పలకదు. మైకు పలక్కపోతే తట్టుకి వినపడదు. మంత్రిగారి దూరదృష్టి అలాంటిది.

నేనక్కడ ఎందుకున్నానో చెప్పాలి. నాది సినిమాలకి మాటలు రాసే పని. ఖచ్చితంగా చెప్పాలంటే, మాటలు రాసేవారి దగ్గర మాటలు రాసే పని. మధురానగర్‌లో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. మంత్రిగారు టీకాల మీద ఒక డాక్యుమెంటరీ తీయిస్తున్నారనీ, అందులో తామే నటిస్తున్నారనీ, మాటలకి ఒక మనిషి కావాలనీ ఆయన పి.ఎ. వెంకటరామయ్యగారు కబురు చేశారు. పెద్ద రచయితలెవరూ ఖాళీగా లేరట. నేనెప్పుడూ ఖాళీయే. అలా ఒక మహానుభావుణ్ణి దగ్గర్నుంచి చూసే భాగ్యం నాకు దక్కింది.

ఆ రోజు సభకి జనం కావాలి కనక, షేక్‌పేట నుంచి స్టూడియో వ్యాన్లలో పిల్లతల్లుల్ని తీసుకొచ్చారు. మంత్రిగారు గంటసేపు మాట్లాడి, చివర్లో "ఏమైనా ప్రశ్నలుంటే అడగండమ్మా, ఇది మీ ప్రభుత్వం" అన్నారు. మంత్రులు అలా అన్నప్పుడు ఎవరూ ఏమీ అడక్కపోవడం సభామర్యాద. మూడో వరసలో ఉన్న నీలమ్మకి ఆ మర్యాద తెలియదు. ఆమె జూబ్లీహిల్స్‌లో కొత్తగా కడుతున్న బంగళాల దగ్గర రాళ్ళు మోస్తుంది. చంకలో ఒక పిల్ల, కొంగు పట్టుకుని ఇంకో పిల్లతో లేచి నిలబడింది.

"సారూ, నా పెద్దబిడ్డ భూలక్ష్మికి తొమ్మిది నెలలప్పుడు మొన్నటి సర్కారోళ్ళు తట్టు సూది ఏసిండ్రు. గిప్పుడు దానికి నాలుగేండ్లు. గా సూది ఇంకెన్నేండ్లు పనిజేస్తది? మల్ల ఏపియ్యాల్నా?"

మంత్రిగారు వెంకటరామయ్యగారి వైపు చూశారు. వెంకటరామయ్యగారు డాక్టర్ శ్యామలాదేవి వైపు చూశారు. నగరంలో ఆ వైపు టీకాల బాధ్యత ఆవిడది. సమాధానం చెప్పడానికి ఆవిడ లేచారు కూడా. అయితే ఈలోగా మంత్రిగారి చెవిలో ఒక మాట మోగింది.

"ఎవరు వేశారన్నావమ్మా? మొన్నటి సర్కారా?"

"అవ్ సారూ."

"ఆ సర్కారు ఇప్పుడుందా?"

"లేదు సారూ."

"మరి వాళ్ళేసిన సూది మాత్రం ఎలా ఉంటుందమ్మా?"

చప్పట్లతో ఫ్లోరు దద్దరిల్లింది. పత్రికలవాళ్ళు గబగబా రాసుకున్నారు. 'గత ప్రభుత్వ టీకాలకు కాలం చెల్లింది' అన్నది మర్నాటి పతాకశీర్షిక. వైద్యశాస్త్రం మీద ఇంత సూటైన వాక్యం ఈ మధ్యకాలంలో ఎవరూ అనలేదు.

నీలమ్మ ఇంకా కూర్చోలేదు. "మరి ఈ చిన్నదానికి అసలే ఎయ్యలే సారూ. ఏడాది నిండింది. పోయిన నెల దవాఖానకు పోతె, గోడకు కొత్త సారు బొమ్మ రాలే, వచ్చినంక రమ్మన్నరు."

"వస్తుందమ్మా, బొమ్మ తప్పకుండా వస్తుంది" అని మంత్రిగారు చెయ్యెత్తి హామీ ఇచ్చారు.

మర్నాడు జూబ్లీహిల్స్‌లో మంత్రిగారి ఇంట్లో సమావేశం జరిగింది. బండరాళ్ళ మీద కట్టిన ఇల్లు. వరండాలో కూర్చుంటే సగం ఊరు కాళ్ళ కింద కనపడుతుంది. గత ప్రభుత్వపు టీకాకి గడువు తీరిందని చెప్పేశాం కనక, మన టీకాకి గడువెంతో తేల్చడం ఆ సమావేశం ఉద్దేశం. మంత్రిగారు, వెంకటరామయ్యగారు, డాక్టర్ శ్యామలాదేవి, కాఫీకప్పుతో ఒక మూల నేను.

"చెప్పండి డాక్టరుగారూ. సైన్సు ఏమంటోంది?"

"ఒంటికి సరిగ్గా పట్టిన టీకా చాలామందికి జీవితాంతం ఉంటుందండీ" అన్నారావిడ. "ఈ టీకా ప్రపంచంలోకి వచ్చి పాతికేళ్ళు దాటింది. మొదట్లో వేయించుకున్నవాళ్ళకి ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. ఒంటికి జ్ఞాపకం ఉంటుందండీ. తట్టు మళ్ళీ ఎప్పుడొచ్చినా గుర్తుపట్టి తరిమేస్తుంది."

మంత్రిగారు హాయిగా నవ్వారు. "జ్ఞాపకమా! కిందటి ఎలక్షన్లో నేనే పార్టీలో ఉన్నానో జనానికి జ్ఞాపకం లేదు. ఎప్పుడో పొడిచిన సూది జ్ఞాపకం ఉంటుందా?"

"కొద్దిమంది పిల్లలకి మాత్రం మొదటిసారి పట్టదండీ. అది గడువు తీరిపోవడం కాదు, అసలు మొదలవకపోవడం."

"అదేగా నేనూ అంటున్నది! పాత ప్రభుత్వం వేస్తే పట్టదు."

వెంకటరామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "జీవితాంతం అంటే మనకి ఇబ్బందండీ. ఒకసారి వేయించుకున్నవాడు మళ్ళీ మన మొహం చూడడు. కృతజ్ఞత అనేది ఎప్పటికప్పుడు రెన్యూవల్ అవుతూ ఉండాలి."

మంత్రిగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. ఆలోచిస్తున్నప్పుడు ఆయన ముఖంలో ఒక తేజస్సు కనిపిస్తుంది. కళ్ళు తెరిచి, "అయిదేళ్ళు" అన్నారు. "మన పదవీకాలం అయిదేళ్ళు. టీకా పదవీకాలమూ అయిదేళ్ళే. ఇద్దరం కలిసి వచ్చాం, కలిసి పోతాం. మళ్ళీ సూది కావాలంటే మళ్ళీ మమ్మల్నే గెలిపించాలి."

"మరి మధ్యలో ప్రభుత్వం పడిపోతే?" అన్నారు వెంకటరామయ్యగారు.

"అవేం మాటలండీ శుభమా అని! సరే, అలాంటిదేమైనా జరిగితే, కొత్త ప్రభుత్వం వచ్చేవరకూ టీకా ఆపద్ధర్మంగా కొనసాగుతుందని రాయండి."

శ్యామలాదేవిగారు కప్పు కింద పెట్టేశారు. "సార్, ఆ వైరస్‌కి ఎలక్షన్లతో పని లేదండీ. ఇది తట్టు లేచే కాలం. షేక్‌పేటలో ఒకటి రెండు కేసులు ఉన్నాయంటున్నారు. అసలు సూది పడని పిల్లలు చాలామంది ఉన్నారు. ముందు వాళ్ళకి వేద్దాం."

"వాళ్ళ ఒంట్లో గత ప్రభుత్వం లేదు కదండీ, తొందరేముంది? ఉన్నవాళ్ళలోంచి ముందు దాన్ని తీసెయ్యాలి."

నన్ను ఒక నినాదం రాయమన్నారు. 'అయిదేళ్ళ పాలన, అయిదేళ్ళ రక్షణ' అని రాసిచ్చాను. మంత్రిగారు దాన్ని రెండుసార్లు చదివించుకుని, "టీకా అనే మాట లేకపోవడం చాలా బాగుంది" అని మెచ్చుకున్నారు.

మార్చిలో షూటింగ్. ఫిల్మ్ నగర్ స్టూడియోలో ఆరోగ్యకేంద్రం సెట్టు వేశారు. ఆకుపచ్చ గోడలు, తిరిగే ఫ్యాను, తిప్పితే నీళ్ళొచ్చే కుళాయి, మనిషిని చూడగానే నవ్వే నర్సు. షేక్‌పేట ఆడవాళ్ళు లోపలికొచ్చి, గోడలు తడిమి చూసి, "గీ దవాఖాన ఎప్పుడు తెరుస్తరు?" అని అడిగారు. సాయంత్రానికి విప్పేస్తారని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

బీదతల్లి వేషం నటి బాలాత్రిపురసుందరి వేస్తున్నారు. ఆ వేషానికి ముందు నీలమ్మనే అనుకున్నారు గానీ డైరెక్టరుగారికి ఆమె బీదరికం నచ్చలేదు. "చీర వెలిసింది కానీ చిరుగు సరైన చోట లేదు" అన్నారు. నీలమ్మ చిన్నపిల్లని మాత్రం తీసుకున్నారు. ఎంత చక్కగా ఏడుస్తుందో అని అందరూ ముచ్చటపడ్డారు. ఆ పిల్లకి ఆ రోజు కెమెరా ముందే నిజం సూది వేస్తామన్న మాట మీద నీలమ్మ పని మానుకుని, భూలక్ష్మిని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. శ్యామలాదేవిగారు కూడా ఆ మాట మీదే వచ్చారు, ఐసు డబ్బాలో మందు పెట్టుకుని, డబ్బా తన ఒళ్ళోనే పెట్టుకుని.

"ఆ డబ్బా ఫ్రేములో ఉంటే చేపలమ్మే సీనులా ఉందండీ" అన్నారు డైరెక్టరుగారు. "సీసాలు బల్ల మీద పేర్చండి. లేబుల్ కెమెరా వైపు."

"బయట పెడితే ఈ లైట్ల వేడికి చచ్చిపోతుందండీ. ఇది ప్రాణమున్న మందు."

"ఈ లైట్ల కింద మేమంతా బతకట్లేదా డాక్టరుగారూ?" అన్నారు మంత్రిగారు పౌడరు అద్దించుకుంటూ. "ఒక్క షాటేగా!"

సీసాలు బల్లెక్కాయి. మంత్రిగారికి నేను రాసిన డైలాగు ఒకటే వాక్యం. 'తల్లీ, ఈ సూది నీ బిడ్డకి అయిదేళ్ళ అండ.' ఆయన మొదట "తల్లీ, నీ బిడ్డ ఈ సూదికి అయిదేళ్ళ అండ" అన్నారు. తరవాత "సూదీ, ఈ తల్లి నీకు అయిదేళ్ళ బిడ్డ" అన్నారు. డైరెక్టరుగారు ప్రతిసారీ "అద్భుతం సార్, ఇంకొక్కసారి ఇలాగే అద్భుతంగా" అంటూ వచ్చారు. శాసనసభలో మాట తడబడని మనిషి ఇక్కడ తడబడ్డారంటే అది ఆయనకి పసిపిల్లల మీద ఉన్న మమకారం వల్లే.

ఉక్క ఎక్కువగా ఉందని డబ్బాలో మిగిలిన ఐసు సంచీ ఒకటి వెంకటరామయ్యగారు తెచ్చి మంత్రిగారి మెడ మీద పెట్టారు. ఇంకోటి బాలాత్రిపురసుందరిగారి బుగ్గలకి వెళ్ళింది.

డైలాగు షాటు ఓకే అయ్యేసరికి భోజనాల వేళ దాటింది. శ్యామలాదేవిగారు ఒక సీసా అరచేతిలోకి తీసుకుని, మళ్ళీ బల్ల మీద పెట్టేశారు. "ఇవి ఇక పనికిరావండీ."

మంత్రిగారు వంగి చూశారు. "లేబుల్ శుభ్రంగానే ఉందే!"

"లేబుల్ శుభ్రంగానే ఉందండీ."

"అయితే ఉత్త నీళ్ళు పొడిచెయ్యండి" అన్నారు డైరెక్టరుగారు. "తెర మీద తేడా తెలీదు."

"తెర మీద తెలీదండీ. కానీ నీళ్ళు పొడిస్తే వాళ్ళమ్మ సూది పడిందనుకుంటుంది. ఇక జన్మలో తీసుకురాదు." ఆవిడ సిరంజి తీసి సంచీలో పెట్టుకున్నారు. గోడ పక్కన నిలబడ్డ నీలమ్మ దగ్గరికెళ్ళి, "అమ్మా, ఈ రోజు మీ పాపకి సూది పడలేదు. గుర్తుపెట్టుకో, పడలేదు. బుధవారం మీ బస్తీ కేంద్రానికి తీసుకురా. నేనే వేస్తాను" అన్నారు.

"గింతసేపు ఏడిపిచ్చిరి గద మేడమ్" అంది నీలమ్మ పిల్లని తీసుకుంటూ.

చివరికి సూది పొడిచే షాటు రబ్బరుబొమ్మతో తీశారు. మంత్రిగారు ఆ బొమ్మని గుండెలకి హత్తుకున్న తీరుకి నా కళ్ళు చెమర్చాయి. నీలమ్మ పిల్ల ఏడుపు ముందే రికార్డు చేసి ఉంచారు కనక దాన్ని బొమ్మకి అతికించారు.

బుధవారం నీలమ్మ వెళ్ళింది. శ్యామలాదేవిగారూ వెళ్ళారు. మందు మాత్రం లేదు. ఉన్న స్టాకంతా మంత్రిగారి ఆదేశం మీద జూబ్లీహిల్స్‌కి తరలిపోయింది. గత ప్రభుత్వ టీకాల స్థానంలో కొత్త ప్రభుత్వ టీకాలు వేసే మహోద్యమం అక్కడ ఒక నిర్మాత ఇంటి పచ్చికలో మొదలైంది. అక్కడే ఎందుకంటే పిల్లలు తల దువ్వుకుని వస్తారు, ఫోటోలు బాగా వస్తాయి. నేనూ అక్కడే ఉన్నాను, నినాదం రాసిన బట్ట కట్టిస్తూ.

"మా బాబుకి మొన్న సెప్టెంబరులోనే వేయించామండీ" అంది ఆ ఇంటి ఇల్లాలు.

"సెప్టెంబరులో ఎవరున్నారమ్మా?" అన్నారు మంత్రిగారు మృదువుగా.

ఆవిడ లెక్క చూసుకుని, "అయ్యయ్యో!" అని నోటి మీద చెయ్యేసుకుని, బాబు చొక్కా చెయ్యి పైకి మడిచింది.

సాయంత్రం దాకా సూదులు పడ్డాయి. అక్కడికొచ్చిన పిల్లల్లో అంతకుముందు టీకా వేయించుకోని పిల్ల ఒక్కతీ లేదు. ఉద్యమం నూటికి నూరుపాళ్ళు విజయవంతమైందని వెంకటరామయ్యగారు ప్రెస్సుకి చెప్పారు.

ఏప్రిల్లో షేక్‌పేటలో తట్టు లేచింది. ప్రవేశం లేదని మైకులో చెప్పినా వినకుండా వచ్చింది. నీలమ్మ చిన్నపిల్లకి జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రబడటం, తరవాత ఒళ్ళంతా దద్దుర్లు. ఇరుగుపొరుగువాళ్ళు అమ్మవారన్నారు, గుమ్మానికి వేపమండలు కట్టమన్నారు. నీలమ్మ మండలు కట్టింది, కట్టి ఊరుకోలేదు. పిల్ల డొక్కలు ఎగరేస్తుంటే ఆటోలో వేసుకుని సర్కారు ఆస్పత్రికి పరిగెత్తింది. ఊపిరితిత్తులకి పట్టిందన్నారు. నీలమ్మ భర్త హనుమంతు మేస్త్రీ పని వదిలేసి ఆస్పత్రి మెట్ల మీదే కూర్చున్నాడు. తన డ్యూటీ అక్కడ కాకపోయినా శ్యామలాదేవిగారు రోజూ వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడేవారట. పిల్ల బతుకుతుందని ఎవరూ గట్టిగా అనలేని రోజులు కొన్ని గడిచాయి. ఆ తరవాత ఒక పొద్దున జ్వరం దిగింది.

మంత్రిగారు పరామర్శకి బయలుదేరారు. ఓదార్పు మాటలు రాయడానికి నన్నూ కారులో ఎక్కించుకున్నారు. దారిలో వెంకటరామయ్యగారు ఒక చిక్కు సమస్య చెప్పారు. నీలమ్మ పెద్దపిల్ల భూలక్ష్మి, చెల్లెలి పక్కనే ఒకే చాప మీద పడుకుని, ఒకే గ్లాసులో తాగి, శుభ్రంగా ఉందట. దానికి ఒక్క దద్దురు కూడా రాలేదట.

ఆస్పత్రి వరండాలో పత్రికలవాళ్ళు సరిగ్గా అదే పట్టుకున్నారు. "సార్, పెద్దపిల్లకి గత ప్రభుత్వం సూది వేసింది. దానికి గడువు తీరిపోయిందన్నారు. మరి ఆమెకి రాలేదేం?"

నాకు చెమటలు పట్టాయి. మంత్రిగారికి పట్టలేదు.

"మంచి ప్రశ్న. ఆ పాప మా షూటింగ్‌కి వచ్చింది. కొత్త ప్రభుత్వపు టీకాని కళ్ళారా చూసింది. చూస్తేనే ఇంత పనిచేస్తే, వేస్తే ఎంత పనిచేస్తుందో మీరే ఆలోచించండి."

"చిన్నపిల్ల కూడా షూటింగ్‌కి వచ్చింది కదండీ?"

"వచ్చింది. కానీ ఏడుస్తూ కళ్ళు మూసుకుంది."

విలేకరులు రాసుకున్నారు. మంత్రిగారు బత్తాయిల సంచీ ఒక చేత్తో పట్టుకుని, ఫోటోగ్రాఫర్ని వెనకాల రమ్మని, వార్డు తలుపు దాకా నడిచి అక్కడ ఆగిపోయారు. లోపల వరసగా మంచాలు, మంచాల మీద దద్దుర్ల పిల్లలు. తలుపు దగ్గర శ్యామలాదేవిగారు నిలబడి ఉన్నారు.

మంత్రిగారు గొంతు తగ్గించారు. "డాక్టరుగారూ, ఇది పెద్దవాళ్ళకి అంటుకుంటుందాండీ?"

"ఇదివరకు తట్టు పోసినవాళ్ళకి మళ్ళీ రాదండీ. తమరికి చిన్నప్పుడు పోసిందా?"

"పోసింది, పోసింది. మా అమ్మ వేపాకు పరిచి పడుకోబెట్టింది, బాగా గుర్తు" అన్నారు మంత్రిగారు తేలికపడుతూ. మళ్ళీ ఏదో అనుమానం వచ్చింది. "ఆ రక్షణ... ఎన్నాళ్ళుంటుందండీ?"

ఆవిడ మెడలో స్టెతస్కోపు సర్దుకుని, చాలా మర్యాదగా అడిగారు. "తమరికి ఏ సంవత్సరంలో పోసిందండీ?"

"నలభై నాలుగో, నలభై అయిదో."

"అప్పుడు ఎవరి ప్రభుత్వం సార్?"

మంత్రిగారి చెయ్యి తలుపు మీంచి మెల్లగా కిందికి దిగింది. జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుని, వెనక్కి రెండడుగులు వేసి, బత్తాయిల సంచీ నా చేతిలో పెట్టారు.

"మీరు ఇచ్చి రండి" అన్నారు రుమాల్లోంచి. "నేను వరండాలో ప్రజలతో ఉంటాను."

లోపలికి వెళ్ళాను. చిన్నది పుల్లలా అయిపోయింది గానీ కళ్ళు తెరిచి చూస్తోంది. భూలక్ష్మి అదే మంచం మీద కాళ్ళు ఊపుకుంటూ కూర్చుని ఉంది. నేను సంచీ పెట్టగానే ఒక బత్తాయి ఒలిచి, తొన కొరికి తీపి చూసి, మిగతా సగం చెల్లెలి నోట్లో పెట్టింది.

"సారు రాలే?" అంది నీలమ్మ.

"వరండాలో ఉన్నారు."

"గీడిదాంక వచ్చి లోపల్కి రాకపాయె. ఏమైంది గాయనకు?"

"ఆయనకి తట్టు పాత ప్రభుత్వంలో పోసిందట" అన్నాను.

నీలమ్మ తలుపు వైపు చూసింది. సంచీలో చెయ్యి పెట్టి, అన్నిటికన్నా పెద్ద బత్తాయి వెతికి తీసి నా చేతికిచ్చింది.

"పాపం, గిది సారుకియ్యి."